తర్రగోనా: రోమన్ నగరం, దాని వీధుల్లో పండుగలు

నాపరాయి
స్పెయిన్ అంటే మనవాళ్ళలో చాలామంది బార్సెలోనా చూసి వెనక్కి వచ్చేస్తారు. అక్కడి నుంచి తీరం వెంబడి దక్షిణంగా రైల్లో గంటా గంటంబావు వెళ్తే అదే కతలోనియా ప్రాంతంలోని తర్రగోనా వస్తుంది. సముద్రం పక్కన గుట్ట మీద ఊరు. క్రీ.పూ. 218లో రోమ్‌కీ కార్తేజ్‌కీ రెండో యుద్ధం నడుస్తుండగా రోమన్ సేనానులైన స్కిపియోలు ఇక్కడ సైనిక స్థావరం వేశారు. అదే పెరిగి తర్రాకో అనే నగరమైంది, ఒక పెద్ద రోమన్ రాష్ట్రానికి రాజధాని అయింది. 2000లో యునెస్కో ఇక్కడి కట్టడాలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

రోమన్లు ఈ గుట్టను మూడు మెట్లుగా చెక్కారు. పై మెట్టు మీద చక్రవర్తి ఆరాధన కోసం ఆలయం, దాని చుట్టూ ఆవరణ. నడిమి మెట్టు మీద రాష్ట్ర పాలన జరిగే పెద్ద మైదానం, 318 మీటర్ల పొడవు, 175 మీటర్ల వెడల్పు. అడుగు మెట్టు మీద రథాల పందేలు జరిగే సర్కస్. దాన్ని 1వ శతాబ్దం చివర్లో, డొమీషియన్ చక్రవర్తి కాలంలో కట్టారు. పొడవు 325 మీటర్లు, 30 వేల మంది దాకా పట్టేవాళ్ళు.

ఇప్పుడు ఆలయం ఉన్న చోట కెథడ్రల్ ఉంది. నడిమి మైదానం మీద ఇళ్ళూ సందులూ లేచాయి. సర్కస్‌లో పడమటి భాగం ప్లాసా దె లా ఫాంత్ అనే చౌరస్తా అయింది. టౌన్ హాల్ అక్కడే ఉంటుంది. చుట్టూ ఉన్న ఇళ్ళకు, హోటళ్ళకు ఆనాటి గ్యాలరీల కమానులే పునాదులు. కొన్ని హోటళ్ళలో లోపలికి వెళ్తే ఆ కమాను కిందే కూర్చుని భోంచేస్తాం.

నేను ఈ చర్చ పెట్టింది సెప్టెంబరు 24 గురించి. ఆ రోజు కెథడ్రల్ ముందు నాలుగంతస్తుల మనుషుల స్తంభం లేస్తుంది. ఒకరి భుజాల మీద ఒకరు, పైన ఒక చిన్న పిల్ల. ఆ స్తంభం విడిపోకుండా నడుస్తుంది. కెథడ్రల్ మెట్లు దిగి, కార్రెర్ మజోర్ వీధి గుండా చిన్న చిన్న అడుగులతో టౌన్ హాల్ దాకా వస్తుంది. ఆలయం మెట్టు నుంచి మైదానం మెట్టు మీదుగా సర్కస్ మెట్టు దాకా, పాత రోమన్ నగరమంతా పైనుంచి కిందికి దాటిందన్నమాట. ఇంత పాత నగరాన్ని దాని జనం ఇలా వాడుకోవడం నేను మరెక్కడా చూడలేదు. రాళ్ళను కాపాడటం ఒక్కటే సరిపోదని, ఆ రాళ్ళ మధ్య జనం కలిసి చేసే పని కూడా ఉండాలని నాకు బలంగా అనిపించింది. మీరేమంటారు?

పుస్తకాల సంచి
చాలా బాగుంది. ఇది సాంతా తెక్లా పండుగేనా? పది రోజులు జరుగుతుందని ఎక్కడో చదివాను.

నాపరాయి
అవునండీ, సాంతా తెక్లా ఆ ఊరిని కాపాడుతుందని నమ్మే క్రైస్తవ సెయింట్. అసలు రోజు సెప్టెంబరు 23. దానికి ముందు రోజులన్నీ ఏదో ఒక కార్యక్రమం ఉంటుంది. 1321లో ఆమె బాహువు అని భక్తులు నమ్మే అవశేషాన్ని ఆర్మీనియా నుంచి తెప్పించి ఊళ్ళోకి ఊరేగింపుగా తీసుకొచ్చారు. పండుగ చరిత్ర అక్కడి నుంచి లెక్కపెడతారు. ఇప్పటికీ 23 సాయంత్రం ఆ బాహువును వీధుల్లో ఊరేగించి కెథడ్రల్‌కు తిరిగి తీసుకొస్తారు. ముందు డప్పులు, నిప్పురవ్వలు చిమ్మే దెయ్యాల వేషాలు, డ్రాగన్, గద్ద, సింహం, ఎద్దు, వీబ్రియా అనే ఆడ డ్రాగన్, రెండు మూడు మనుషుల ఎత్తున్న రాజు రాణి బొమ్మలు. ఒక్కోదానికి ఒక్కో పాట, ఒక్కో నాట్యం. ఎవరి తర్వాత ఎవరు నడవాలో ఊళ్ళో అందరికీ తెలుసు. కెథడ్రల్ ముందు చౌరస్తాలోకి బాహువు వచ్చేసరికి ఇవన్నీ ఒకేసారి ఆడతాయి, గంటలు మోగుతాయి, బాణసంచా లేస్తుంది. దేవుణ్ణి నమ్మనివాళ్ళు కూడా అక్కడ ఏడవడం చూశాను.

కృష్ణలంక
నాపరాయి గారూ, వర్ణన బాగుంది కానీ ఒక అభ్యంతరం. 1321 నాటి క్రైస్తవ పండుగకూ, రోమన్ సర్కస్‌కూ సంబంధం ఏముంది? అదే నేల మీద జరుగుతోంది అంతే కదా. ఆ నేల మీద రేపు క్రికెట్ ఆడితే అదీ రోమన్ వారసత్వమేనా? దీన్ని "వేల ఏళ్ళుగా సాగుతున్న సంప్రదాయం" అని చెప్పడం టూరిజం వాళ్ళ మాట.

చరిత్ర మాస్టారు
కృష్ణలంక గారు అడిగింది సరైన ప్రశ్న. నేను ముప్ఫై ఏళ్ళ పైన చరిత్ర చెప్పినవాణ్ణి, ఇలాంటి చోట పిల్లలకు మొదట నేర్పేది తెంపు ఎక్కడుందో చూడమనే.

తర్రాకోకు పెద్ద తెంపు ఉంది. 8వ శతాబ్దం మొదట్లో అరబ్బు, బెర్బర్ సేనల చేతికి చిక్కాక ఆ ఊరు దాదాపు 400 ఏళ్ళు పెద్ద పట్టణంగా లేదు. 12వ శతాబ్దంలో క్రైస్తవ ప్రభువులు మళ్ళీ జనాన్ని తెచ్చి స్థిరపరిచారు. ఆ శతాబ్దంలోనే కెథడ్రల్ పని మొదలైంది. అప్పటికి రోమన్ ఆచారాలు ఎవరికీ గుర్తు లేవు. కాబట్టి రథాల పందేల నుంచి సాంతా తెక్లా దాకా తెగని దారం ఉందని ఎవరన్నా అంటే నమ్మవద్దు.

కానీ నేల ఊరికే నేల కాదండీ. రోమన్లు కట్టిన గోడలు, గ్యాలరీలు, మెట్ల వరసలే మధ్యయుగపు ఊరికి ఎముకలు. కొత్తగా వచ్చినవాళ్ళు పై మెట్టు మీదే కెథడ్రల్ కట్టారు, కారణం అక్కడ చదునైన విశాలమైన చోటూ, తరలించకుండానే దొరికిన రాయీ ఉన్నాయి. పెద్ద జనం ఒకచోట చేరడానికి రోమన్లు తీర్చిన చోటే తర్వాతి జనానికీ దొరికింది. వీధి ఎక్కడ వంకర తిరగాలి, ఊరేగింపు ఎక్కడ ఆగాలి, ఇవన్నీ 1వ శతాబ్దపు ఇంజినీర్లు వేసిన కొలతలను బట్టే నడుస్తున్నాయి. ఆచారం కొత్తది, అది నడిచే బాట మాత్రం రోమన్లదే. నాపరాయి గారు చెప్పినదాన్ని నేను అలా అర్థం చేసుకున్నాను.

కృష్ణలంక
ఇలా చెబితే ఒప్పుకుంటాను మాస్టారూ.

వరంగల్ కోట
నేను పాత కట్టడాల మరమ్మతు పనుల్లో ఉంటాను, అందుకే అడుగుతున్నా. అంత జనం, డప్పులు, బాణసంచా. కట్టడాలకు దెబ్బ తగలదా? తర్రగోనా యాంఫీథియేటర్, అంటే చుట్టూ మెట్లున్న రోమన్ ఆటల మైదానం, సరిగ్గా సముద్రం ఒడ్డున ఉంటుంది. అక్కడి రాయి మెత్తటి సున్నపురాయి రకం, ఉప్పు గాలికి పొరలు పొరలుగా రాలుతుంది. దాని మీద ప్రదర్శనలు పెట్టి, స్టేజీలు కట్టి, లైట్లు బిగిస్తే ఎన్నాళ్ళు నిలుస్తుంది? మన దగ్గర కోటల్లో ఉత్సవాల పేరుతో గోడలకు మేకులు కొట్టడం కళ్ళారా చూసినవాణ్ణి.

నాపరాయి
మీ భయం నిజమైనదే. ఒక తేడా చెప్పాలి. సాంతా తెక్లా పండుగలో ఎక్కువ భాగం వీధుల్లో, చౌరస్తాల్లో జరుగుతుంది. ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి మనుషుల కోటలు కట్టేది రాతి పలకలు పరిచిన చౌరస్తాలో, దాని కింద ఎక్కడో రోమన్ మట్టం ఉంటుంది. శిథిలాల మీద ఎక్కేదేమీ లేదు. యాంఫీథియేటర్‌ను వాడేది ముఖ్యంగా మే నెలలో జరిగే తర్రాకో వీవా అనే రోమన్ ఉత్సవానికి. దానికి వేసే బల్లలూ తెరలూ తీసేస్తే పోయేవే.

మీరన్న రాయి సంగతి మాత్రం ఊళ్ళో పెద్ద సమస్యే. రోమన్ కట్టడాల్లో వాడిన రాయి చాలావరకు ఊరికి దగ్గర్లో ఉన్న ఎల్ మెదోల్ గని నుంచి తీసింది. ఆ గని కూడా వారసత్వ జాబితాలో ఉంది. లోయలా తవ్వేసిన గుంట నడుమ ఒకే ఒక్క రాతి స్తంభాన్ని తవ్వకుండా వదిలారు, అసలు నేల ఎంత ఎత్తున ఉండేదో దాన్ని చూస్తే తెలుస్తుంది. రాతి పని చేసేవాళ్ళు తప్పక చూడాలి.

చరిత్ర మాస్టారు
యాంఫీథియేటర్ గురించి ఒక మాట. దాన్ని 2వ శతాబ్దంలో కట్టారు. 14 వేల మంది పట్టేవాళ్ళు. 259 జనవరి 21న, వలేరియన్ చక్రవర్తి క్రైస్తవులను వేధిస్తున్న రోజుల్లో, ఆ ఊరి బిషప్ ఫ్రుక్తువోసుస్‌నూ, అవ్‌గూరియుస్, యూలోజియుస్ అనే ఇద్దరు డీకన్లనూ (బిషప్ కింద పనిచేసేవాళ్ళు) అక్కడే సజీవ దహనం చేశారు. విచారణ ఎలా జరిగిందో చెప్పే పాత కథనం మనకు దక్కింది. చాలా క్లుప్తంగా, కోర్టు రికార్డులా ఉంటుంది. గవర్నర్ "నువ్వు బిషప్‌వా?" అని అడుగుతాడు. "అవును" అంటాడు ఫ్రుక్తువోసుస్. గవర్నర్ "ఒకప్పుడు" అంటాడు. అంతటితో శిక్ష ఖాయం.

6వ శతాబ్దంలో సరిగ్గా ఆ ఇసుక మైదానం మధ్యలో వాళ్ళ స్మారకంగా బాసిలికా అనే చర్చి కట్టారు. 12వ శతాబ్దంలో దాని మీద ఇంకో చర్చి కట్టారు. తర్వాత అది మఠమై, చివరికి జైలుగా కూడా వాడారు. అందుకే ఇవాళ యాంఫీథియేటర్‌లోకి చూస్తే నడుమ చర్చి పునాదులు కనబడతాయి. వాటిని తీసేసి ఖాళీ మైదానం చూపించాలని ఎవరూ అనుకోకపోవడం నాకు ఎంతో నచ్చిన విషయం. చంపిన చోటూ, చనిపోయినవాళ్ళను తలుచుకున్న చోటూ ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. ఒకదాన్ని చెరిపితే రెండోదాని అర్థం పోతుంది.

కృష్ణలంక
తర్రాకో వీవా మాటొచ్చింది కాబట్టి. రోమన్ సైనికుల వేషాలేసుకుని, గ్లాడియేటర్లలా కత్తులు తిప్పడం పిల్లల్లో ఏ ఆలోచన నాటుతుంది? ఆ మైదానంలో మనుషుల్ని వినోదం కోసం చంపారు. దాన్ని పండగ చేసుకోవడమేమిటి?

రైన్ తీరం
నేను జర్మనీలో ఉంటాను, ఆ ఉత్సవానికి వెళ్ళాను. 1999 నుంచి జరుగుతోంది. గ్లాడియేటర్ల ప్రదర్శన ఉంది, నిజమే, దానికే జనం ఎక్కువ. కానీ పోరు మొదలయ్యే ముందు ఒకాయన నిలబడి ఈ మనుషులు ఎవరు, బానిసలా, యుద్ధ ఖైదీలా, డబ్బు కోసం ఒప్పందం రాసుకున్నవాళ్ళా, ఏ ఆయుధం ఎందుకు ఇస్తారు, ఓడినవాడి ప్రాణం ఎవరి చేతిలో ఉంటుంది అని చాలాసేపు వివరించాడు. మిగతా రోజుల్లో రోమన్ వంట, మైనం పలకల మీద రాత, శవ సంస్కారాలు, వైద్యుడి పనిముట్లు, మగ్గం, పాలిచ్చే దాదులు, బానిసల జీవితం, ఇలాంటివే. చేసేవాళ్ళు పురావస్తు నిపుణులతో కలిసి పనిచేసే బృందాలు. చెప్పు కుట్టు దగ్గర్నుంచి దొరికిన ఆధారం చూపిస్తారు, ఆధారం లేని చోట ఇది మా ఊహ అని చెబుతారు. స్కూలు పిల్లలు నోట్సు రాసుకోవడం చూశాను.

ఇటలీలోని వెరోనా కూడా చూశాను. అక్కడి రోమన్ అరీనాలో 1913 నుంచి వేసవి ఆపెరాలు జరుగుతున్నాయి. గొప్పగా ఉంటాయి. అయితే అక్కడ టికెట్ కొని కూర్చుని చూసి వస్తాం. తర్రగోనా పండుగల్లో నాకు కనబడిన తేడా ఏమిటంటే, డ్రాగన్ మోసేవాడు పగలు బ్యాంకులో పనిచేస్తాడు, డప్పు కొట్టే అమ్మాయి కాలేజీలో చదువుతుంది. ఊరివాళ్ళే చేస్తారు, ఊరివాళ్ళే చూస్తారు.

ఇద్దరి అమ్మ
నేను అడగాలనుకున్నది మనుషుల కోటల గురించి. వీడియోలు చూస్తే గుండె దడ వస్తుంది. అంత చిన్న పిల్లల్ని అంత ఎత్తుకు ఎక్కించడం ఏమిటండీ? వాళ్ళ తల్లిదండ్రులకు టెన్షన్ ఉండదా? మన దహీ హండీలో ప్రతి ఏడూ ఎవరో ఒకరు పడి దెబ్బలు తగలడం చూస్తూనే ఉంటాం.

నాపరాయి
అక్కా, నాకూ మొదట అదే భయం. కొన్నాళ్ళు ఒక బృందం ప్రాక్టీసుకు వెళ్ళి దగ్గర్నుంచి చూశాక అర్థమైంది. కొంచెం వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

వీటిని అక్కడ కాస్తెల్స్ అంటారు. పుట్టింది తర్రగోనాకు దగ్గర్లోని వాల్స్ అనే ఊళ్ళో, 18వ శతాబ్దం చివర్లో. 2010లో యునెస్కో వీటినీ మానవాళి సజీవ వారసత్వంగా గుర్తించింది. అంటే ఈ ఊరికి రాళ్ళకొక గుర్తింపు, మనుషులకొక గుర్తింపు ఉన్నాయి.

అన్నిటికంటే ముఖ్యం అడుగున ఉండే పిన్యా. మధ్యలో బరువు మోసే కొద్దిమంది. వాళ్ళ చుట్టూ వరసలు వరసలుగా, ఒకరి వీపు మీద ఒకరు చేతులు ఆనించి, పెద్ద కోటలకైతే కొన్ని వందల మంది బిగించి నిలబడతారు. బరువు పక్కలకు పంచడం వాళ్ళ మొదటి పని. రెండోది, పైనుంచి ఎవరైనా పడితే నేల తగలకుండా వాళ్ళ మీద పడేట్టు చూడటం. పిన్యాలో నిలబడేవాడికి పైన ఏం జరుగుతోందో కనబడదు, తల వంచి ఉంటుంది. అందుకే గ్రాల్యా అనే సన్నాయి జాతి వాద్యం, డప్పు వాయిస్తారు. ఆ పాట ఏ దశలో ఉందో విని, కోట ఎంత ఎత్తుకు లేచిందో, ఎప్పుడు దిగడం మొదలైందో కిందివాళ్ళు తెలుసుకుంటారు.

అందరూ నడుముకు పొడవాటి నల్ల గుడ్డ గట్టిగా చుట్టుకుంటారు. అది వెన్నుకు ఆసరా, పైకెక్కేవాడికి కాలు పెట్టుకునే మెట్టు కూడా. చొక్కా జారకుండా కాలరు పళ్ళతో కొరికి పట్టుకుంటారు. ఎక్కేవాళ్ళకు చెప్పులుండవు. పై మూడంతస్తుల్లో పిల్లలు. చిట్టచివర ఎక్కే పిల్లను ఎన్‌షనేతా అంటారు. ఆ పిల్ల ఒక క్షణం చెయ్యెత్తితే కోట కట్టినట్టు. 2006 నుంచి పిల్లలకు ప్రత్యేకంగా తయారుచేసిన మెత్తటి హెల్మెట్లు వాడుతున్నారు. పిల్ల భయపడి మధ్యలో ఆగితే అక్కడి నుంచే దిగొచ్చేస్తుంది, ఎవరూ తిట్టరు. అది నేను చూశాను. కోట కట్టడం మానేసి అందరూ చప్పట్లు కొట్టారు.

దహీ హండీకి దీనికి ఒక పెద్ద తేడా ఉంది. కుండ పగిలితే అక్కడ పని అయిపోతుంది, తర్వాత ఎలా దిగినా సరే. ఇక్కడ కోటను క్రమంగా విప్పి, అందరూ క్షేమంగా దిగితేనే పూర్తి మార్కులు. కట్టాక కూలితే మార్కులు తగ్గుతాయి. అందుకే వాళ్ళు దిగడాన్నే ఎక్కువ ప్రాక్టీసు చేస్తారు.

ఇద్దరి అమ్మ
చాలా థాంక్స్ అండీ. దిగితేనే పూర్తి లెక్క అన్నది విన్నాక నిజంగా మనసు కుదుటపడింది.

అనంత పెన్న
ఈ చర్చ చదివి సంతోషమైంది. మాది అనంతపురం జిల్లా. మాకు కతలోనియా వాళ్ళు కొత్త కాదు. బార్సెలోనాలో పుట్టిన విసెంతె ఫెర్రర్ గారు 1969లో మా జిల్లాకొచ్చి గ్రామీణాభివృద్ధి సంస్థ మొదలుపెట్టారు. 2009లో చనిపోయేదాకా ఇక్కడే ఉన్నారు. బత్తలపల్లి ఆసుపత్రి, పల్లెల్లో ఇళ్ళు, స్కూళ్ళు, వీటికి డబ్బు పంపినవాళ్ళలో కతలోనియా మామూలు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. తమ డబ్బుతో చదువుకుంటున్న పిల్లల్ని చూడటానికి అక్కడి నుంచి వస్తుంటారు. చిన్నప్పుడు మా ఊరికొచ్చిన ఒక జంట ఫోన్‌లో ఈ కోటల వీడియో చూపించి, తామిద్దరూ పిన్యాలో నిలబడతామని గర్వంగా చెప్పుకున్నారు. అడుగున, ఎవరికీ మొహం కనబడని చోట నిలబడటం వాళ్ళకు అంత గొప్ప విషయం.

మా వైపు కృష్ణాష్టమికి ఉట్లమాను ఎక్కుతారు. జారిపోయే మాను మీద ఒక్కడు ఎక్కడం, కిందివాళ్ళు నీళ్ళు చల్లి జార్చడం. అదీ ఆనందమే. కానీ కిందివాళ్ళంతా పైవాడి కోసం నిలబడే ఆట చూడాలని ఉంది.

పుస్తకాల సంచి
మాస్టారూ, తర్రాకోకూ మనకూ ప్రాచీన కాలంలో ఏమైనా సంబంధం ఉందా? ఊరికే కుతూహలం.

చరిత్ర మాస్టారు
ఉంది, చాలా చిన్నది కానీ అందమైనది. అగస్టస్ చక్రవర్తి క్రీ.పూ. 26, 25లో ఉత్తర స్పెయిన్‌లో యుద్ధం చేస్తూ జబ్బుపడి తర్రాకోలో ఉండిపోయాడు. కొంతకాలం రోమ్ సామ్రాజ్యమంతా ఆ ఊరి నుంచే నడిచింది. 5వ శతాబ్దపు చరిత్రకారుడు ఓరోసియుస్ రాసిన ప్రకారం, భారతదేశం నుంచి రాయబారులు తర్రాకోకు వచ్చి అగస్టస్‌ను కలిశారు. భారత రాజుల నుంచి తన దగ్గరికి తరచూ రాయబారాలు వచ్చాయని అగస్టస్ స్వయంగా తన శాసనంలో చెప్పుకున్నాడు.

ఏ రాజు పంపాడో ఓరోసియుస్ చెప్పలేదు, కాబట్టి శాతవాహనులే పంపారని ఎవరూ వాట్సాప్‌లో రాయకండి. వ్యాపారం మాత్రం నిజం. అగస్టస్, టైబీరియస్‌ల వెండి దీనారాలు నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో నిధిగా దొరికాయి. తర్రాకో వీధుల్లో చేతులు మారిన రకం నాణేలే మన నేలలోనూ పాతిపెట్టారు.

అగస్టస్ గురించి ఇంకో కథ. తమ ఊళ్ళో ఆయన పేర కట్టిన బలిపీఠం మీద ఖర్జూరపు మొక్క మొలిచిందని, అది శుభసూచకమని తర్రాకో జనం వెళ్ళి చెప్పారట. "మీరు దాని మీద ఎంత తరచుగా నిప్పు వెలిగిస్తున్నారో తెలిసిపోతోంది" అన్నాడట ఆయన. రోమన్ రచయిత క్వింటిలియన్ రాసిపెట్టాడు. ఊరివాళ్ళు మాత్రం ఏమీ నొచ్చుకోకుండా ఆ మొక్కను తమ నాణేల మీద ముద్రించుకున్నారు.

వరంగల్ కోట
మాస్టారూ, నాగార్జునకొండ సంగతి గుర్తొచ్చింది. ఇక్ష్వాకుల కాలపు ఆ రంగస్థలం, చుట్టూ మెట్ల వరసలు. రోమన్ ప్రభావం ఉందని కొందరు పండితులు అన్నారు. ప్రాజెక్టు కింద మునిగిపోతుందని అనుపుకు తరలించి మళ్ళీ కట్టారు. చప్పట్లు కొడితే ఎంత స్పష్టంగా వినబడుతుందో విన్నాను. కానీ దాని చుట్టూ ఊరు లేదు. బస్సు దిగిన టూరిస్టు పావుగంట నిలబడి వెళ్ళిపోతాడు. తర్రగోనాకూ దానికీ తేడా రాతి పనిలో లేదు. అక్కడ కట్టడం చుట్టూ జనం కాపురాలున్నాయి.

కృష్ణలంక
ఇంకొక్క ప్రశ్న, వదలకుండా అడుగుతున్నానని అనుకోకండి. ఆ గద్ద, సింహం, వీబ్రియా, ఇవన్నీ నిజంగా మధ్యయుగం నుంచి ఆగకుండా వస్తున్నవేనా? నేను చదివినంతలో చాలావాటిని ఈమధ్యే కొత్తగా తయారుచేశారు.

నాపరాయి
మీరు చదివింది నిజం. గద్ద, సింహం, వీబ్రియా 15, 16 శతాబ్దాల రికార్డుల్లో ఉన్నాయి. తర్వాత మాయమయ్యాయి. స్పెయిన్‌లో ఫ్రాంకో నియంతృత్వం పోయాక, 1980లు, 90లలో ఊరివాళ్ళు పాత పద్దు పుస్తకాలు వెతికి, బొమ్మలు మళ్ళీ చేయించి, ఒక్కోదాన్ని ఊరేగింపులోకి తెచ్చారు. ఆ రోజుల్లో తమ కతలన్ భాషనే బహిరంగంగా వాడనివ్వని కాలం దాటి వస్తున్నారు. ఒక్కో బొమ్మ తిరిగొచ్చిన రోజు వాళ్ళకు ఎలా ఉండి ఉంటుందో ఊహించండి. పాతదాన్ని మళ్ళీ కట్టుకోవడం మోసం అని నాకు అనిపించదు. ఇది తిరిగి చేసినదని వాళ్ళు దాచరు, బొమ్మ పుట్టిన సంవత్సరం, తిరిగొచ్చిన సంవత్సరం రెండూ చెబుతారు. ఇప్పుడు వాటి వెనక నాట్యమాడుతున్న పిల్లలకు అవి లేని పండుగ తెలియదు.

కోటలు కట్టడం కూడా 20వ శతాబ్దం మొదట్లో చాలా తగ్గిపోయింది. 1932లో తర్రగోనా ఎద్దుల పోటీ మైదానంలో తొలిసారి కోటల పోటీ పెట్టారు. 1980 తర్వాత స్త్రీలు బృందాల్లో చేరాక కోటల ఎత్తు పెరిగింది. 1998లో పదంతస్తులు కట్టారు. ఇప్పుడు ఆ పోటీ రెండేళ్ళకోసారి, అక్టోబరు మొదట్లో అదే మైదానంలో జరుగుతుంది. అక్కడ ఎద్దుల పోటీలు ఆగిపోయాయి. మైదానం పైన తెరుచుకునే కప్పు వేశారు.

కృష్ణలంక
సంవత్సరాలు రెండూ చెప్పడం అన్నది నాకు ముఖ్యం. నా అభ్యంతరం తీరింది. వచ్చే ఏడు వెళ్ళాలనుంది, ఎలా ప్లాన్ చేసుకోవాలి?

నాపరాయి
బార్సెలోనా సాంత్స్ స్టేషన్ నుంచి ప్రాంతీయ రైలు ఎక్కండి, ఊరి మధ్య సముద్రం పక్కన దింపుతుంది. వేగంగా పోయే రైలు ఎక్కితే కాంప్ దె తర్రగోనా అనే వేరే స్టేషన్‌లో దిగాలి, అది ఊరికి దూరం, మళ్ళీ బస్సు పట్టాలి. పండుగ రోజులకు గదులు నెలల ముందే అయిపోతాయి.

ఒక రోజు పూర్తిగా రోమన్ కట్టడాలకే ఉంచుకోండి. ప్రాకారం క్రీ.పూ. 2వ శతాబ్దానిది, కిలోమీటరు పైగా మిగిలింది, పొద్దున్నే ఎండెక్కక ముందు నడవాలి. ఒక బురుజు మీద మినర్వా దేవత చెక్కడం ఉంది. ఊరి బయట అక్విడక్టు, 27 మీటర్ల ఎత్తు, దాని పైన నీళ్ళు పారిన కాలువలో మనమే నడవచ్చు. సాయంత్రం సెర్రాల్యో అనే జాలర్ల పేటలో చేపలు, రొమెస్కో అనే బాదం, హేజెల్‌నట్, ఎండు మిరప, వెల్లుల్లి, టమాటా నూరిన సాస్‌తో తినండి. ఈ సాస్ తర్రగోనాదే.

24న నడిచే స్తంభం చూడాలంటే కెథడ్రల్ మెట్ల దగ్గర చోటు దొరకదు. కార్రెర్ మజోర్ వీధి సన్నం, పిల్లలతో అయితే నలిగిపోతారు. ప్లాసా దె లా ఫాంత్‌లో టౌన్ హాల్‌కు ఎదురుగా, చౌరస్తా తూర్పు చివర నిలబడండి. ఊరికి నాలుగు బృందాలున్నాయి, ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి.

ఇద్దరి అమ్మ
బయటివాళ్ళను పిన్యాలోకి రానిస్తారా? మా పెద్దవాడు అడుగుతున్నాడు.

రైన్ తీరం
రానిస్తారు అక్కా, నేను నిలబడ్డాను. ప్రాక్టీసుకు వెళ్ళి అడిగితే చాలు. కళ్ళజోడు, గడియారం తీసేసి, చేతులు ఎక్కడ పెట్టాలో, తల ఎటు తిప్పాలో చూపిస్తారు. భాష రాకపోయినా ఫరవాలేదు, పట్టుకుని నిలబెడతారు. పండుగ వారంలో మాత్రం వాళ్ళకు తీరిక ఉండదు, కాబట్టి జులై, ఆగస్టుల్లో వెళ్తే మంచిది. జులైలో సముద్రం ఒడ్డున బాణసంచా పోటీ కూడా ఉంటుంది, బాబుకు అది కూడా చూపించవచ్చు.